ఏ రికార్డు ఉత్తమం? లెనిన్‌గ్రాడ్ సింఫొనీ నేపథ్యంలో ఒక విచారణ

1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం ఫలితంగా దుర్గ్ జిల్లాలోని భిలాయి వద్ద ఏటా పది లక్షల టన్నుల సామర్థ్యం గల ఉక్కు కర్మాగారం రూపొందింది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆర్థిక చరిత్రకారులు సాధారణంగా ఈ గాథను టన్నుల లెక్కలోనే చెబుతారు. కాని యంత్రాలతోపాటు మనుషులు వచ్చారు. మనుషులతోపాటు వారి జ్ఞాపకాలూ వచ్చాయి. ఆ దశకంలో భిలాయికి వచ్చిన సోవియట్ నిపుణులలో నడివయసు దాటినవారందరూ 1941-45 నాటి యుద్ధాన్ని చూసినవారే. వారి దేశపు పుస్తకాలు అతిచౌకగా, తెలుగు అనువాదాలతో సహా, మన ఊళ్ళకు చేరినట్లే వారి దేశపు గ్రామఫోను రికార్డులు కూడా కొన్ని చేరాయి. 1972లో మైత్రీబాగ్ ఉద్యానవనం వెలసిన ఈ నగరంలో ఇప్పుడు సోవియట్ దేశం లేదు. 2000 నవంబరు 1 నుంచి భిలాయి మధ్యప్రదేశ్‌లోనూ లేదు, ఛత్తీస్‌గఢ్‌లో ఉంది. రికార్డు మాత్రం ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. దుమ్ము తుడిచి ముల్లు ఆనిస్తే నాటి గాలి మళ్ళీ వీస్తుంది.

కర్మాగారపు తొలి దశాబ్దాలలో ఆంధ్ర ప్రాంతం నుంచి, ముఖ్యంగా ఉత్తర కోస్తా నుంచి, భిలాయికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. సెక్టార్లలోని క్వార్టర్సులో ఒక ఇంటిని ఊహించుకుందాం. విచారణ సౌలభ్యం కోసమే ఈ ఊహ. ఆ ఇంట గోడ బీరువాలో రెండు అరల నిండా ఎల్.పి. రికార్డులున్నాయి. పై అరలో ఘంటసాల భగవద్గీత, మంగళంపల్లి బాలమురళీకృష్ణ త్యాగరాజ కృతులు ఉన్నాయి. కింది అరలో ఒకే కృతికి సంబంధించిన అయిదారు జతలు ఉన్నాయి. అది దిమిత్రి షోస్తకోవిచ్ ఏడవ సింఫొనీ. లోకం దానిని ‘లెనిన్‌గ్రాడ్ సింఫొనీ’ అని పిలుస్తుంది. చూడవచ్చిన అతిథి సహజంగా అడిగే ప్రశ్న ఒకటే: “ఇన్నిటిలో ఏది గొప్పదండీ?”

ఇది కేవలం అభిరుచికి చెందిన ప్రశ్నగా కనిపిస్తుంది. ఇతర కృతుల విషయంలో అంతే కావచ్చు కూడా. ఈ ఒక్క కృతి విషయంలో మాత్రం ఆ ప్రశ్న వెనుక ధర్మానికి సంబంధించిన చిక్కు దాగి ఉంది.

ముందుగా పై అరను పరిశీలిద్దాం. ఘంటసాల తమ జీవితపు చివరి దశలో గానం చేసిన భగవద్గీతకు పోటీ ముద్రణ ఏదని తెలుగు ఇంట ఎవరూ అడగరు. ఆయన 1974 ఫిబ్రవరి 11న మరణించారు. ఆ శ్లోకాలు ఆ కంఠంతోనే తెలుగువారి చెవిలో స్థిరపడిపోయాయి. గీత వేరు, ఘంటసాల గీత వేరు అని విడదీయడం సామాన్య శ్రోతకు దాదాపు అసాధ్యం. త్యాగరాజ కృతి స్థితి దీనికి పూర్తిగా భిన్నం. ఒకే కీర్తనకు శిష్యపరంపరను బట్టి పాఠాంతరాలుంటాయి, విద్వాంసుని బట్టి బాణీ మారుతుంది, సంగతులు పెరుగుతాయి, తరుగుతాయి. మూలమేదని అడిగితే చూపించడానికి అయ్యవారి కంఠం ఏ పళ్ళెంమీదా లేదు. అయినా కృతి చెక్కుచెదరలేదు. భిలాయి పరిసరాలలోని పండవానీ ఇంకొక అడుగు ముందుకు వెళుతుంది. ఇదే ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేసిన తీజన్‌బాయి తంబూరా చేతబట్టి భారతకథ చెబుతూ, ఆ తంబూరానే ఒకమారు భీముని గదగా, మరొకమారు అర్జునుని ధనుస్సుగా మార్చేవారు. నిన్నటి ప్రదర్శనకూ నేటి ప్రదర్శనకూ పోలిక పెట్టడం అక్కడ ఎవరికీ తోచదు. నిన్నటిది నిన్ననే ముగిసింది.

పాశ్చాత్య వాద్యబృంద సంగీతంలో మాత్రం ప్రతి స్వరమూ కాగితంపై రాసి ఉంటుంది. ఏ వాద్యం ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎంత మెల్లగా, ఎంత గట్టిగా పలకాలో సంగీతకర్తే నిర్దేశిస్తాడు. కనుక ప్రదర్శనను కాగితంతో పోల్చవచ్చు, ఒక ప్రదర్శనను మరొకదానితో పోల్చవచ్చు. అమెరికన్ తత్త్వవేత్త నెల్సన్ గుడ్‌మన్ 1968లో వెలువడిన తన గ్రంథంలో ఈ తర్కాన్ని చివరిదాకా లాగి, ఒక్క స్వరం తప్పినా అది ఆ కృతికి ప్రదర్శన కాజాలదన్నాడు. తర్కశాస్త్రరీత్యా ఆయన మాటలో లోపం వెతకడం కష్టం. కాని లెనిన్‌గ్రాడ్ సింఫొనీ చరిత్ర తెలిసినవారికి ఆ మాట మింగుడుపడదు.

ఆ చరిత్ర కొంత వివరంగా చెప్పక తప్పదు. 1941 జూన్ 22న జర్మన్ సేనలు సోవియట్ దేశంపై దండెత్తాయి. సెప్టెంబరు 8 నాటికి లెనిన్‌గ్రాడ్ నగరం చుట్టూ ముట్టడి బిగిసింది. ఆ ముట్టడి 872 రోజులు సాగింది. షోస్తకోవిచ్ అదే నగరంలో ఉంటూ ఆ వేసవిలో ఈ సింఫొనీ రాయడం ప్రారంభించారు. అక్టోబరు మొదట్లో ప్రభుత్వం ఆయనను విమానంలో తరలించింది. డిసెంబరు 27న కూయిబిషెవ్ నగరంలో రచన పూర్తయింది. అదే నెలలో లెనిన్‌గ్రాడ్‌లో ఉద్యోగులకు, ఇంటిపట్టున ఉండేవారికి దక్కిన రోజువారీ రొట్టె 125 గ్రాములు. లక్షల సంఖ్యలో పౌరులు ఆకలితో, చలితో మరణించారు.

సింఫొనీ తొలి ప్రదర్శన 1942 మార్చి 5న కూయిబిషెవ్‌లో, సముయీల్ సమసూద్ సంచాలకత్వంలో జరిగింది. స్వరపత్రం మైక్రోఫిల్ముగా మారి టెహరాన్, కైరోల మీదుగా పశ్చిమ దేశాలకు చేరింది. జూన్‌లో లండన్‌లో హెన్రీ వుడ్, జూలై 19న న్యూయార్క్ రేడియోలో ఆర్తురో తొస్కనీని దానిని వినిపించారు. అగ్నిమాపకదళపు శిరస్త్రాణం ధరించిన షోస్తకోవిచ్ చిత్రం ‘టైమ్’ పత్రిక ముఖపత్రానికెక్కింది. నగరపు ప్రధాన వాద్యబృందమైన లెనిన్‌గ్రాడ్ ఫిల్‌హార్మోనిక్ అప్పటికే సైబీరియాలోని నోవొసిబీర్స్క్‌కు తరలిపోయింది. యెవ్గేనీ మ్రవీన్‌స్కీ నాయకత్వంలో అది జూలై 9న అక్కడ ఈ సింఫొనీని వాయించింది.

నగరంలో మిగిలినది రేడియో వాద్యబృందం. దాని సంచాలకుడు కార్ల్ ఎలియాస్‌బెర్గ్. చలికాలం ముగిసేసరికి వాయించే స్థితిలో ఉన్నవారు పదిహేను మంది మాత్రమేనని చెబుతారు. ఈ సింఫొనీకేమో మామూలు ఇత్తడి వాద్యాలు చాలక ఇంకొక పది ఇత్తడి వాద్యాల అదనపు జట్టు కావాలి. మొత్తం మీద నూరుమందికి పైగా అవసరం. సైన్యంలోని బాజాబృందాల నుంచి వాద్యకారులను పిలిపించారు. వసంతకాలంలో మొదలైన తొలి అభ్యాసం పావుగంటకు మించి సాగలేదు. కారణం, ఊదడానికి ఊపిరి లేదు. అభ్యాసాల నడుమనే కొందరు మరణించారు. చివరకు 1942 ఆగస్టు 9న ఫిల్‌హార్మోనిక్ మహామందిరంలో ప్రదర్శన జరిగింది. శత్రువుల ఫిరంగులు ఆ గంటన్నరసేపు నోరెత్తకుండా జనరల్ గవరోవ్ ఆజ్ఞతో సోవియట్ ఫిరంగులు ముందుగా దాడి చేశాయి. లౌడ్‌స్పీకర్ల ద్వారా సంగీతం వీధులలోకీ, జర్మన్ పంక్తుల వైపూ ప్రసారమయింది.

ఆ ప్రదర్శనకు ధ్వనిముద్రణ లేదు.

భిలాయి ఇంటి అరలో ఉన్న జతలను ఇప్పుడు ఒక్కొక్కటిగా దించవచ్చు. తొస్కనీని 1942 నాటి రేడియో ప్రదర్శనను ఆర్.సి.ఎ. సంస్థ తరవాతికాలంలో ఎల్.పి.గా వెలువరించింది. న్యూయార్క్ స్టూడియో గోడలు నాదాన్ని ఎండగట్టి పంపినట్లు ఉంటుంది, నేపథ్యంలో చిటపటలూ వినిపిస్తాయి. కాని యుద్ధం ఇంకా ఎటూ తేలని నాటి ఆత్రుత ఆ వాయిద్యంలో ఉంది. మ్రవీన్‌స్కీ 1953లో లెనిన్‌గ్రాడ్ ఫిల్‌హార్మోనిక్‌తో చేసిన ముద్రణ మోనో పద్ధతిలోనిదే. అందులో తంత్రీ వాద్యాలు ఒక్క మనిషి శ్వాసలా కదులుతాయి. కారెల్ అంచెర్ల్ 1957లో చెక్ ఫిల్‌హార్మోనిక్‌తో చేసినది నిరాడంబరమైనది, స్వచ్ఛమైనది. 1962లో న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌తో లెనార్డ్ బెర్న్‌స్టైన్ చేసిన దానిలో నాటకీయత పాలు ఎక్కువ. 1968 నాటి స్వెత్లానోవ్ ముద్రణలో ఇత్తడి వాద్యాలు కొలిమి తలుపు తెరిచినట్లు మీద పడతాయి. 1975 నాటి కొంద్రాషిన్ ముద్రణ, మాస్కో ఫిల్‌హార్మోనిక్‌తో చేసినది, వేగం తగ్గకుండా, కన్నీరు పెట్టకుండా పని పూర్తి చేస్తుంది.

పోలికకు గీటురాయి మొదటి భాగం మధ్యలో వస్తుంది. స్నేర్ డ్రమ్ అనే చిన్న డోలు వినీ వినిపించనంత మెల్లగా ఒకే దరువు మొదలుపెడుతుంది. దానిపై అమాయకమైన, ఒకింత చవకబారుదైన కవాతు పాట పుట్టి, పన్నెండుసార్లు తిరిగి తిరిగి వచ్చి, ప్రతిసారీ వాద్యాలను పోగుచేసుకుంటూ భీకరంగా మారుతుంది. ఇక్కడ వేగం పెంచితే భయానికి బదులు హడావుడి మిగులుతుంది. తొందరపడి శబ్దం పెంచితే చివరి రెండు ఆవృత్తులకు దాచుకున్నదేమీ ఉండదు. ఆ విస్ఫోటం తరవాత ఒంటరి బసూన్ వాద్యం సుదీర్ఘంగా శోకిస్తుంది. ఈ మెట్టును అధిరోహించడంలో మ్రవీన్‌స్కీ, కొంద్రాషిన్ ఇద్దరూ మిగిలిన అందరికంటే నేర్పరులని చెప్పవచ్చు. బెర్న్‌స్టైన్ 1988లో చికాగో బృందంతో మళ్ళీ ముద్రించినపుడు మొత్తం కృతిని దాదాపు 85 నిమిషాలకు సాగదీశారు. ఆ బృందపు ఇత్తడి వాద్యాల పటిమ అసాధారణమైనా, అంత నిదానం శోకాన్ని స్మారకచిహ్నంగా మార్చివేస్తుంది. దీనిని మెచ్చుకునేవారు చాలామంది ఉన్నారు. వారితో వాదం పెట్టుకోవలసిన పని లేదు.

ఇంతవరకు ఇది నిపుణుల ముచ్చట. ప్రశ్న ఇక్కడి నుంచి బిగుసుకుంటుంది. 1964 జనవరి 27న, ముట్టడి తొలగి ఇరవై ఏళ్ళయిన రోజున, ఎలియాస్‌బెర్గ్ అదే నగరంలో అదే సింఫొనీని మళ్ళీ నడిపించారు. 1942 బృందంలో జీవించి ఉన్నవారు కొందరు అందులో పాల్గొన్నారు, షోస్తకోవిచ్ సభలో ఉన్నారు. దాని ధ్వనిముద్రణ చాలాకాలం తరవాత లోకానికి అందింది. సంగీత నైపుణ్యం ఒక్కటే కొలమానమైతే అది మ్రవీన్‌స్కీ ముద్రణకు సాటి రాదు. అయినా దానిని విన్నవారు చాలామంది అదే ‘అసలైనది’ అంటారు. ఈ మాట న్యాయమేనా? వినేవాని జాలి వాయించినవాని నైపుణ్యానికి కలిపి లెక్కించవలసిన మార్కులా?

మన అలంకారశాస్త్రం ఈ ప్రశ్నను ఎప్పుడో ఎదుర్కొన్నది. నాట్యశాస్త్ర వ్యాఖ్యానంలో అభినవగుప్తుడు రసానుభవానికి అడ్డుతగిలే ఏడు విఘ్నాలను పేర్కొన్నాడు. సుఖదుఃఖాలు ‘నావి’ అనో, ‘ఫలానా వ్యక్తివి’ అనో ముడిపడి ఉండడం వాటిలో ఒకటి. శోకం లోకంలోనిది, కరుణ రసలోకంలోనిది. సాధారణీకరణం జరిగితేనే మొదటిది రెండవది కాగలదు. ఈ దృష్టితో చూస్తే, బసూన్ వాదకుడు ఆ ఉదయం ఏమి తిన్నాడన్న ఆలోచన రసవిఘ్నమే. రికార్డు అట్టపై చరిత్రను చదవకుండా వినడమే సహృదయ లక్షణం అవుతుంది.

ఈ సిద్ధాంతం సమర్థమైనది, కాని ఇక్కడ పూర్తిగా సరిపోదు. రంగస్థలంపై ఏడ్చే నటుడు తెరవెనుక క్షేమంగా ఉన్నాడన్న నిశ్చింత మీద అది ఆధారపడి ఉంది. తాము ఏ శోకాన్ని వినిపిస్తున్నారో ఆ శోకంలోనే కూరుకుపోయి ఉన్నవారి వాయిద్యాన్ని అభినవగుప్తుడు ఊహించి ఉండడు. తెలుగునాట ఆ సంవత్సరాలలోనే ఇందుకు దగ్గరి ఉదాహరణ ఒకటి ఉంది. 1943 నాటి బెంగాల్ కరువును షేక్ నాజర్ బుర్రకథగా చెప్పారు. ఆకలి కథను కడుపు నిండినవారు విని ‘భేష్’ అనడంలో ఉన్న ఇబ్బంది అక్కడా ఉంది. కాని ఆ కథ వినేవారి చేత ‘భేష్’ అనిపించుకోవడంతో తృప్తిపడే కథ కాదు.

అయితే జాలినే ప్రమాణం చేసుకోవడం అంతకంటే పెద్ద పొరపాటు. ఎలియాస్‌బెర్గ్ ప్రవర్తనే ఇందుకు సాక్ష్యం. నీరసించిన వాద్యకారులకు ఆయన స్వరం తప్పినా ఫరవాలేదని చెప్పలేదు. ఆలస్యమైనా, తప్పినా కఠినంగానే వ్యవహరించారని ఆ బృందం చరిత్ర చెబుతోంది. వాయించలేకపోవడానికి వారికున్నంత సహేతుకమైన కారణం ఏ బృందానికీ ఉండి ఉండదు. అయినా ఆ కారణాన్ని సాకుగా వాడుకోవడానికి వారు నిరాకరించారు. తమను అన్నార్తులుగా గాక వాద్యకారులుగా వినమని కోరినవారిని, ‘పాపం, ఆకలితో వాయించారు’ అని మెచ్చుకోవడం వారు కోరని భిక్ష వేయడమే అవుతుంది. కనుక 1964 ముద్రణలో లోపాలుంటే ఉన్నాయని చెప్పడం అగౌరవం కాదు. పోల్చడమే ఆ బృందానికి ఇవ్వదగిన మర్యాద.

మరి అన్యాయం ఎక్కడ ఉంది? పోలికలో గాక, పోలికకు దొరికిన సామగ్రిలో ఉంది. తరలిపోయిన బృందం తిరిగివచ్చి తన స్థానంలో కూర్చున్నది. దానికి ప్రతిభ ఉన్నది, సంస్థ అండ ఉన్నది, 1953లో ముద్రణ యంత్రం ఎదురుగా ఉన్నది. మ్రవీన్‌స్కీ చేసిన తప్పేమీ లేదు. ఆయన సామర్థ్యం సందేహాతీతం. కాని నగరంలో మిగిలిపోయినవారు యుద్ధానంతరం మరుగున పడ్డారు. ఎలియాస్‌బెర్గ్ జీవితం ఆయన నగరపు ప్రధాన వేదికకు దూరంగానే ఎక్కువకాలం గడిచింది. 1978లో ఆయన మరణించారు. ‘ఏది ఉత్తమం’ అన్న ప్రశ్నకు అరలో ఉన్నవాటి మధ్యనే జవాబు వెతుకుతాము. అరలో ఏది చేరుతుందన్నది మాత్రం సంగీతం నిర్ణయించిన విషయం కాదు. చరిత్ర విద్యార్థులకు ఇది పరిచితమైన చిక్కే. శాసనం చెక్కించిన రాజు పేరు నిలుస్తుంది, తాళపత్రం చెదలు తిన్న ఊరి పేరు పోతుంది. ఉన్న ఆధారాలను నిష్పక్షపాతంగా తూచిన తరవాత కూడా, లేని ఆధారం గురించి ఒక వాక్యం రాయడం చరిత్రకారుని విధి. శ్రోతకూ అటువంటి విధి ఉన్నదా అన్నదే ఈ విచారణ సారాంశం.

ఉన్నదనే చెప్పాలి. కాకపోతే అది తీర్పును మార్చే విధి కాదు. కొంద్రాషిన్ ముద్రణ బాగున్నదని నమ్మినవాడు బాగున్నదనే చెప్పాలి. చరిత్ర పేరుతో చెవిని అబద్ధమాడించకూడదు. అదే సమయంలో, ‘ఇది అన్నిటికంటే గొప్ప ప్రదర్శన’ అన్న వాక్యం మాత్రం అతని నోట రాకూడదు. ‘విన్నవాటిలో’ అన్న మాట చేర్చాలి. మామూలు కృతి విషయంలో ఈ చేర్పు చాదస్తం. ఇక్కడ ఆ ఒక్క మాట అచ్చుకాని బృందానికి చెల్లవలసిన ఋణం.

సింఫొనీ అర్థం విషయంలోనూ వివాదాలు లేకపోలేదు. 1979లో షోస్తకోవిచ్ స్మృతులుగా అమెరికాలో వెలువడిన గ్రంథం, ఆ కవాతు హిట్లరు సేనలది మాత్రమే కాదని, స్వదేశంలోని నిరంకుశత్వానికీ వర్తిస్తుందని సూచించింది. తొస్కనీని ముద్రణ విని సంగీతకర్త ఆగ్రహించినట్లు కూడా అందులోనే ఉంది. ఆ గ్రంథపు ప్రామాణికతపై పండితులు నేటికీ ఏకీభవించలేదు కనుక దానిపై బరువు మోపడం తగదు. షోస్తకోవిచ్ 1975లో మరణించిన రోజు మాత్రం, యాదృచ్ఛికంగా, ఆగస్టు 9.

భిలాయి ఇంటిలో అతిథి ఇంకా జవాబు కోసం ఎదురుచూస్తూనే ఉన్నాడు. ఇంటి యజమాని 1953 నాటి మ్రవీన్‌స్కీ జతను తీసి, పళ్ళెంమీద పెట్టేముందు ఆగస్టు 9 సంగతి క్లుప్తంగా చెబుతాడనుకుందాం. “ఆ వాయించింది వీళ్ళేనా?” అని అతిథి అడుగుతాడు. “కాదండీ, వీళ్ళు అప్పుడు వేరే ఊళ్ళో ఉన్నారు. అక్కడ వాయించినవాళ్ళ రికార్డు లేదు” అంటాడు యజమాని. ముల్లు ఆనుతుంది. రెండు రికార్డులూ, నాలుగు వైపులూ పూర్తికావడానికి గంటా పావు పడుతుంది. అతిథి మరునాడు మొదటి షిఫ్టుకు హాజరు కావలసినవాడైతే, మొదటి వైపు విని, బసూన్ ముగిశాక లేచి వెళ్ళవచ్చు. మిగిలిన మూడు వైపులకు ఆదివారం రావచ్చు.